కరువు నదిలో చేప, తెరమీద చేప: మెనిండీ మత్స్యమరణాలు - టెలివిజన్ కథన రీతులు

వ్యాస సంగ్రహం

ఆస్ట్రేలియాలోని డార్లింగ్ నదిలో, మెనిండీ పట్టణ సమీపాన, 2018 డిసెంబరు - 2019 జనవరి మాసాల్లో మంచినీటి చేపలు భారీ సంఖ్యలో మరణించాయి. చనిపోయిన పెద్ద ముర్రే కాడ్ చేపలను ఇద్దరు స్థానికులు చేతులతో ఎత్తి చూపిన దృశ్యం టెలివిజన్ ద్వారా అనేక దేశాలకు చేరింది. గాలపు వేట కార్యక్రమాలు దశాబ్దాలుగా ప్రేక్షకుడికి అలవాటు చేసిన భంగిమనే ఆ దృశ్యం తలక్రిందులు చేసి చూపిందని, అందుకే అంత బలంగా హత్తుకుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అయితే ఆ బలమే దాని పరిమితి కూడా. చేప మరణించిన ఉదయాన్ని కెమెరా పట్టుకుంది. ఆ మరణానికి దారితీసిన సంవత్సరాల నీటి నిర్వహణ, ఆక్సిజన్ క్షీణత దాని చట్రంలో ఇమడలేదు. ఈ రెండింటి నడుమ దూరాన్ని వివరించి, తెలుగు ప్రాంతాల కరువు కథనాల అధ్యయనానికి దాని ఉపయోగాన్ని సూచించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: మంచినీటి చేపలు, గాలపు వేట, కరువు, టెలివిజన్ వార్తలు, ముర్రే-డార్లింగ్, మెనిండీ, కొర్రమీను.

1. ఉపోద్ఘాతం

కరువును దృశ్యంగా చూపడం టెలివిజన్‌కు సులభమైన పని కాదు. వరదకు ఒక రోజు ఉంటుంది, తుపానుకు ఒక పేరు ఉంటుంది. కరువు మాత్రం వర్షం పడని రోజుల మొత్తం. జరగనిదాన్ని చిత్రించడం కష్టం కనుక కెమెరా కొన్ని స్థిరమైన గుర్తులను ఆశ్రయిస్తుంది: నెర్రెలిచ్చిన నేల, ఎండిన చెరువు, ఖాళీ బిందెల వరుస, డొక్కలు తేలిన పశువు. చచ్చి తేలిన చేప కూడా ఈ వరుసలోనిదే. నీటి కొరతను నీటిలోనే చూపగలగడం దాని ప్రత్యేకత.

మంచినీటి చేప తెరమీద కనిపించే సందర్భాలు తక్కువ. సముద్రజీవుల గురించి, పగడపు దీవుల గురించి వచ్చినన్ని కార్యక్రమాలు నదుల గురించి రాలేదు. నదీజలం తరచుగా బురదమయం. లోపల ఏముందో కెమెరాకు కనిపించదు. ఆ చేప నీటి పైకి రావడానికి టెలివిజన్‌కు తెలిసిన దారులు ప్రధానంగా రెండు. ఒకటి గాలం, రెండవది మరణం. ఈ రెండు దారులూ ఒకేచోట కలిసిన ఉదాహరణగా మెనిండీని పరిశీలించవచ్చు.

2. నది, సరస్సులు, చేపలు

ముర్రే-డార్లింగ్ పరీవాహక ప్రాంతం సుమారు 10 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా, అంటే ఆస్ట్రేలియా భూభాగంలో దాదాపు 7వ వంతు మేర విస్తరించింది. ఉత్తరాన క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల నుంచి వచ్చే ఉపనదుల నీటిని డార్లింగ్ మోసుకొని నైరుతి దిశగా పయనించి, వెంట్‌వర్త్ వద్ద ముర్రేలో కలుస్తుంది. ఈ నది ఒడ్డున తరతరాలుగా నివసిస్తున్న బార్కింజీ ప్రజలు దీనిని 'బాకా' అని పిలుస్తారు. వారి జాతినామానికి నదికి చెందినవారు అని అర్థం. 1997లో వారు దాఖలు చేసిన భూహక్కుల దావాకు 2015లో న్యాయస్థానం ఆమోదం లభించింది.

న్యూ సౌత్ వేల్స్ పశ్చిమ భాగాన, బ్రోకెన్ హిల్ గనుల పట్టణానికి ఆగ్నేయంగా ఉన్నవి మెనిండీ సరస్సులు. ఇవి సహజంగా ఏర్పడిన పల్లాలే అయినా 20వ శతాబ్దం మధ్యలో అడ్డుకట్టలు, తూములు, కాలువలతో జలాశయాలుగా మార్చబడ్డాయి. వీటి పూర్తి నిల్వ సామర్థ్యం 1,731 గిగాలీటర్లు. తెలుగు పాఠకులకు పరిచితమైన కొలమానంలో చెప్పాలంటే సుమారు 61 టి.ఎం.సి. నిల్వ 640 గిగాలీటర్లు, అంటే సుమారు 22.6 టి.ఎం.సి. దాటినప్పుడు ఈ నీరు ముర్రే నదీవ్యవస్థలో భాగంగా రాష్ట్రాల ఉమ్మడి వినియోగానికి వస్తుంది. 480 గిగాలీటర్లకు, అంటే సుమారు 17 టి.ఎం.సి.లకు పడిపోయినప్పుడు న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర అధీనంలోకి మళ్లుతుంది. ఎప్పుడు, ఎంత నీటిని, ఎవరి అవసరం కోసం వదలాలన్న వివాదానికి ఈ రెండు అంకెలు కేంద్రం.

ఈ నదిలోని స్థానిక చేపల్లో నాలుగు రకాలు ప్రస్తుత చర్చకు ముఖ్యం. మొదటిది ముర్రే కాడ్. ఆస్ట్రేలియాలో పూర్తిగా మంచినీటిలోనే జీవించే చేపల్లో ఇదే అతి పెద్దది. 1.8 మీటర్ల పొడవు, 100 కిలోలకు మించిన బరువు ఉన్న చేపలు పట్టుబడినట్లు పాత రికార్డులున్నాయి. రెండవది గోల్డెన్ పెర్చ్. మెనిండీ సరస్సులు దీని పిల్లలు పెరిగే ముఖ్యమైన తావు. మూడవది సిల్వర్ పెర్చ్. జాతీయ పర్యావరణ చట్టం కింద ఇది అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతి. నాలుగవది బోనీ హెర్రింగ్. సంఖ్యలో అధికం, పరిమాణంలో చిన్నది, పెద్ద చేపలకూ నీటిపక్షులకూ ఆహారం. వీటికి తోడు విదేశాల నుంచి వచ్చి నదిని ఆక్రమించిన యూరోపియన్ కార్ప్ ఉంది.

3. గాలపు వేట కార్యక్రమాలు: బ్రతికిన చేప

ఆస్ట్రేలియాలో గాలపు వేట జనసామాన్యపు వినోదం. దాని చుట్టూ అల్లుకున్న టెలివిజన్ కార్యక్రమాలకు స్థిరమైన ప్రేక్షకులున్నారు. 1990ల నుంచి సెవెన్ నెట్‌వర్క్‌లో ప్రసారమైన రెక్స్ హంట్ కార్యక్రమం వీటిలో ప్రసిద్ధం. పూర్వం ఫుట్‌బాల్ క్రీడాకారుడూ వ్యాఖ్యాతా అయిన హంట్, పట్టిన చేపను ముద్దాడి తిరిగి నీటిలో వదలడం ద్వారా ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలిచాడు. పట్టిన చేపను వదిలివేయడమనే పద్ధతిని సామాన్య ప్రేక్షకుడికి పరిచయం చేయడంలో ఇలాంటి కార్యక్రమాల పాత్ర గణనీయం.

ఈ ప్రక్రియ కథననిర్మాణాన్ని గమనిస్తే అందులో కొన్ని స్థిరాంశాలు కనిపిస్తాయి. తెల్లవారుజామున ప్రయాణం, నీటి అంచున నిరీక్షణ, దారం బిగియడం, పెనుగులాట, చివరకు చేపను రెండు చేతులపై అడ్డంగా ఎత్తి కెమెరాకు చూపడం. కథ అంతా ఆ చివరి భంగిమ కోసమే నడుస్తుంది. చేప ఎంత పెద్దదైతే కథకు అంత విలువ. నది ఈ కథలో రంగస్థలం మాత్రమే. నీరు ఎక్కడి నుంచి వచ్చింది, ఎగువన ఎవరు తోడుకున్నారు, ఎంత మిగిలింది అన్న ప్రశ్నలకు ఇందులో చోటు తక్కువ.

ఈ భంగిమకు చట్టపరమైన నేపథ్యం కూడా ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో ముర్రే కాడ్ గ్రుడ్లు పెట్టే సెప్టెంబరు నుంచి నవంబరు వరకు నదుల్లో దాని వేట నిషిద్ధం. డిసెంబరు 1న వేటకాలం మొదలవుతుంది. అప్పుడు కూడా 55 నుంచి 75 సెంటీమీటర్ల నడుమ పొడవున్న చేపలను మాత్రమే ఉంచుకోవచ్చు. అంతకన్న చిన్నవాటిని పెరగడానికి, పెద్దవాటిని సంతానోత్పత్తికి ప్రాణాలతో వదలాలి. పెద్ద చేపను ఎత్తి చూపడమంటే దానిని తిరిగి వదులుతున్నామని చెప్పడం. రాష్ట్రంలో గాలం వేసేవారు చెల్లించే లైసెన్సు రుసుము ప్రత్యేక ట్రస్టులలో జమ అవుతుంది. నదుల్లో చేపపిల్లలను వదలడం వంటి పనులకు ఆ సొమ్ము వినియోగమవుతుంది. అందువల్ల గాలపు వేటగాడికి నదితో ఉన్న సంబంధం వినోదంతో ముగియదు. నది బాగోగుల్లో అతడు భాగస్వామి.

4. రెండు చేతులపై చచ్చిన చేప

2017 జనవరి నుంచి 2019 డిసెంబరు వరకు గడచిన 36 నెలలు ముర్రే-డార్లింగ్ పరీవాహకంలో నమోదైన అత్యంత పొడి కాలం. 2019 జనవరి అప్పటికి ఆస్ట్రేలియాలో నమోదైన నెలలన్నిటిలో అత్యంత వేడి మాసం. మెనిండీ దిగువన నది ప్రవాహం ఆగిపోయి, అడ్డుకట్టల వెనుక మడుగులుగా మిగిలింది. 2018 డిసెంబరు మధ్యలో, అంటే కాడ్ వేటకాలం మొదలైన రెండు వారాలకే, మొదటి మత్స్యమరణం సంభవించింది. 2019 జనవరి 6, 7 తేదీల ప్రాంతంలో రెండవది, అంతకంటె పెద్దది, జరిగింది. జనవరి 28న మూడవది. మొత్తం మరణాలు లక్షల సంఖ్యలో ఉన్నట్లు అంచనాలు వెలువడ్డాయి.

జనవరి ఘటన తరువాత ఇద్దరు స్థానిక నివాసులు నడుములోతు నీటిలో నిలబడి, చనిపోయిన పెద్ద కాడ్‌లను చేతులతో ఎత్తి పట్టుకొని, కోపంతో, కన్నీళ్లతో మాట్లాడిన దృశ్యం మొదట సామాజిక మాధ్యమాల్లో ప్రచారమైంది. తరువాత అది జాతీయ టెలివిజన్ వార్తలకూ, అంతర్జాతీయ వార్తాసంస్థలకూ చేరింది.

ఈ దృశ్యం బలం ఎక్కడిది? నీటిపై తెల్లగా పరచుకున్న చేపల గుంపును ఆకాశం నుంచి చిత్రించిన దృశ్యాలు కూడా ప్రసారమయ్యాయి. అవి విస్తృతిని తెలిపాయి. కాని జ్ఞాపకంలో నిలిచింది మనిషి చేతుల్లోని ఒక్కొక్క చేప. గాలపు వేట కార్యక్రమాలు విజయచిహ్నంగా స్థిరపరచిన భంగిమ ఇది. అదే నది, అదే చేప, అదే విధంగా రెండు చేతులు. ఈసారి చేపను వదలడానికి వీలు లేదు. పట్టిన వేటగాడు చట్టప్రకారం ప్రాణాలతో వదలవలసిన పరిమాణపు చేపలే ఒడ్డున కుళ్లుతున్నాయి. ప్రేక్షకుడికి ఈ వ్యంగ్యాన్ని ఎవరూ వివరించనవసరం లేకపోయింది. ఎన్నో ఏళ్లుగా చూసిన కార్యక్రమాలు అతడికి ముందే ఆ దృశ్యభాషను నేర్పాయి.

5. కెమెరాకు అందని కారణం

చేపలు ఎలా చనిపోయాయి? దీనికి సమాధానం కంటికి కనిపించని ఒక ప్రక్రియలో ఉంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 15 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీరు సుమారు 10 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను నిలుపుకోగలదు. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. ఈ తగ్గుదల ఒక్కటే చేపలను చంపదు. అసలు ప్రమాదం నీరు నిలిచిపోవడంలో ఉంది.

ప్రవాహం లేని మడుగులో ఎండకు పైపొర వేడెక్కి తేలికగా పైనే ఉండిపోతుంది. క్రింది పొర చల్లగా, బరువుగా అడుగున నిలుస్తుంది. రెండు పొరలూ కలవవు. పైపొరలో నీలి-ఆకుపచ్చ నాచు దట్టంగా పెరుగుతుంది. పగలు అది ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, రాత్రి వినియోగించుకుంటుంది. చనిపోయిన నాచు అడుగుకు దిగి కుళ్లుతుంది. ఆ కుళ్లుదలలో సూక్ష్మజీవులు అడుగుపొరలోని ఆక్సిజన్‌ను దాదాపు పూర్తిగా హరించివేస్తాయి. చేపలన్నీ పలుచని పైపొరలో తలదాచుకుంటాయి. ఈ స్థితిలో హఠాత్తుగా చలిగాలులు వీచి ఉష్ణోగ్రత పడిపోతే పైపొర చల్లబడి, బరువెక్కి, క్రిందికి దిగుతుంది. రెండు పొరలూ కలిసిపోతాయి. మడుగు మొత్తంలో ఆక్సిజన్ ప్రాణాంతక స్థాయికి పడిపోతుంది. చేపకు పారిపోయే చోటు ఉండదు. మెనిండీ ఘటనలు ఇలాంటి ఆకస్మిక వాతావరణ మార్పుల వెంటనే జరిగాయి.

ఇందులో ఒక వైపరీత్యం గమనార్హం. చేపలు తీవ్రమైన ఎండ కాసిన రోజున కాక, ఎండ తగ్గి చల్లబడిన వెంటనే మరణించాయి. వేసవి తాపం చేపలను చంపిందన్న వార్తావాక్యం సరళమే గాని, ప్రక్రియను తప్పుగా చెబుతుంది. రెండు నిమిషాల వార్తలో నీటిపొరల కలయికను చెప్పడం కష్టం. గీసిన బొమ్మ ఒకటి ఉంటే సాధ్యమే. కాని వార్త ఆశ్రయించేది దొరికిన దృశ్యాన్నే. దొరికిన దృశ్యం చేపది, ఆక్సిజన్‌ది కాదు.

6. కరువా, నిర్వహణా?

ఈ మరణాలకు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వెంటనే రాజకీయమైంది. కరువు ప్రకృతి వైపరీత్యం కనుక ఎవరినీ నిందించలేమన్న వాదన ఒకవైపు, ఎగువన ప్రత్తి తదితర పంటల కోసం అధికంగా నీటిని తోడడమే కారణమన్న వాదన మరొకవైపు నిలిచాయి. ప్రతిపక్ష నాయకుని కోరికపై ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్ నియమించిన నిపుణుల బృందం 2019 ఫిబ్రవరి 18న నివేదికను వెలువరించింది. కేంద్ర ప్రభుత్వం రాబ్ వెర్టెసీ అధ్యక్షతన నియమించిన స్వతంత్ర సంఘం తన మధ్యంతర నివేదికను ఫిబ్రవరిలోనూ, తుది నివేదికను తరువాతి వారాల్లోనూ సమర్పించింది.

తక్షణ కారణం ఆక్సిజన్ లోపమేనన్న విషయంలో రెండు నివేదికలకూ భేదం లేదు. మూలకారణం దగ్గర మాత్రం ఉద్ఘాటనలు వేరయ్యాయి. నదిలో ఇంతటి విపత్తును తప్పించడానికి సరిపడా నీరు లేకపోవడమే మూలకారణమని, అందుకు కరువుతో పాటు ఎగువ ప్రాంతాల్లో దీర్ఘకాలంగా సాగిన అధిక వినియోగం కారణమని అకాడమీ బృందం నిర్ధారించింది. వెర్టెసీ సంఘం తీవ్ర వాతావరణానికి ఎక్కువ స్థానమిస్తూనే, నీటి నిర్వహణ చరిత్రను కూడా కారణాల్లో చేర్చింది. 2016 వరదతో సరస్సులు నిండినప్పుడు చేపల సంతతి విస్తారంగా పెరగడం, తరువాత నీరు తగ్గి ఆ చేపలన్నీ అడ్డుకట్టల నడుమ మడుగుల్లో చిక్కుకుపోవడం ఈ గొలుసులో ముఖ్యమైన కొంకి. అంటే 2019 మరణానికి ఒక కారణం 2016లోని సమృద్ధి. ఈ కారణక్రమాన్ని ఒక్క ఉదయం చిత్రించిన దృశ్యం చెప్పజాలదు.

నివేదికల తరువాత కొన్ని చర్యలు వచ్చాయి. మడుగుల్లో గాలిని కలిపే యంత్రాలను అమర్చారు. 2019 సెప్టెంబరులో రాబోయే వేసవికి ముందుగా మెనిండీ మడుగుల నుంచి చేపలను పట్టి దిగువ ప్రాంతాలకు తరలించారు. 2020లో స్థానిక మత్స్య పునరుద్ధరణ వ్యూహం వెలువడింది. వీటిలో యంత్రాలు, చేపల తరలింపు తెరమీద బాగా కనిపించే పనులు. ప్రవాహాన్ని పెంచడం, ఎగువ వినియోగాన్ని తగ్గించడం తెరమీద కనిపించనివి, రాజకీయంగా కష్టమైనవి. కనిపించే పనికి ప్రాధాన్యం దక్కడంలో దృశ్యమాధ్యమపు ప్రభావాన్ని తోసిపుచ్చలేము.

7. మరొక టెలివిజన్: 'పంప్డ్'

టెలివిజన్ మొత్తం ఇదే పరిమితికి లోబడిందనడం సరి కాదు. ఆస్ట్రేలియా ప్రజాప్రసార సంస్థ ఏ.బి.సి. తన 'ఫోర్ కార్నర్స్' కార్యక్రమంలో 2017 జూలై 24న 'పంప్డ్' అనే పరిశోధనాత్మక కథనాన్ని ప్రసారం చేసింది. బార్వన్-డార్లింగ్ నదిలో నీటిని అక్రమంగా తోడుతున్నారన్న ఆరోపణలను, కొలతల వ్యవస్థలోని లోపాలను, పర్యవేక్షణ వైఫల్యాన్ని అది పరిశీలించింది. దాని తరువాత పలు విచారణలు జరిగాయి. న్యూ సౌత్ వేల్స్‌లో సహజ వనరుల వినియోగాన్ని నియంత్రించే ప్రత్యేక సంస్థ ఏర్పడి, 2018లో పని ప్రారంభించింది. దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం నియమించిన బ్రెట్ వాకర్ విచారణ సంఘం నివేదిక 2019 జనవరి చివరలో, మూడవ మత్స్యమరణం జరిగిన కొద్ది రోజులకే, వెలువడింది.

ఈ రెండు టెలివిజన్ ప్రక్రియల తారతమ్యం పరిశీలనార్హం. 'పంప్డ్' కథనం పంపులు, మీటర్లు, పత్రాలు, అధికారుల నిర్ణయాలను వస్తువుగా తీసుకుంది. నీరు పోయే దారిని అనుసరించింది కనుక కారణాన్ని చూపగలిగింది. మెనిండీ వార్తలు ఫలితాన్ని చూపాయి. మొదటిదాన్ని జాగ్రత్తగా చూసిన ప్రేక్షకుడికి రెండవది ఆశ్చర్యం కలిగించకూడదు. కాని ఒకటిన్నర సంవత్సరాల ఎడంతో వచ్చిన ఈ రెండింటినీ కలిపి చూసే బాధ్యత ప్రేక్షకుడి జ్ఞాపకం మీదనే పడింది. రోజువారీ వార్తకు గతం ఉండదు. పరిశోధనాత్మక కథనానికి రోజూ చోటుండదు.

8. చట్రం బయట మిగిలినవి

చేతులపై ఎత్తిన చేప చట్రం నుంచి కొన్నిటిని మినహాయించింది. మొదటిది చిన్న చేప. మృతుల్లో బోనీ హెర్రింగ్ విస్తారం. అది ఎత్తి చూపదగిన పరిమాణంలో ఉండదు. గాలపు వేటలో దానికి గౌరవం లేదు. పెద్ద చేపల ఆహారం అదేనన్న సంగతి, అది పోతే నది ఆహారశృంఖల తెగుతుందన్న సంగతి నేపథ్యంలోనే ఉండిపోయాయి.

రెండవది చేప వయస్సు. చనిపోయిన పెద్ద కాడ్‌లకు వందేళ్ల వయస్సన్న మాట దృశ్యంతో పాటు ప్రచారమైంది. చేప తలలోని చెవిరాళ్లలో ఏర్పడే వలయాలను లెక్కించి శాస్త్రజ్ఞులు ఇంతవరకు నిర్ధారించిన గరిష్ఠ వయస్సు సుమారు 48 సంవత్సరాలు. వాస్తవం అతిశయోక్తి కన్న తక్కువ విషాదం కాదు. అర్ధశతాబ్దం పాటు ఎన్నో కరువులను తట్టుకొని బ్రతికిన చేప ఈ కరువులో బ్రతకలేకపోయిందంటే, మారినది చేప కాదు, నది. ఈ ప్రశ్నను వేయడానికి శాస్త్రీయమైన అంకె చాలు.

మూడవది బార్కింజీ ప్రజల స్వరం. వారి ప్రతినిధులు వార్తల్లో మాట్లాడారు. అయినా జనస్మృతిలో నిలిచిన దృశ్యానికి వారు కేంద్రం కాలేదు. వారికి బాకా అంటే పడవ ఎక్కడానికో, గాలం వేయడానికో వెళ్లే స్థలం కాదు, తమ పేరుకు ఆధారం. నది లేకపోతే తాము ఎవరన్న వారి ప్రశ్న నీటి పంపిణీ లెక్కల్లో గాని, మృతచేపల లెక్కల్లో గాని ఇమిడేది కాదు.

నాల్గవది గాలపు వేటగాడి అనుభవజ్ఞానం. ఏ మడుగు ఎంత లోతు, ఏ కాలంలో నీటి రంగు మారుతుంది, చేప ఎప్పుడు పైకి వచ్చి గాలి కోసం నోరు తెరుస్తుంది అన్నవి నదిని నిత్యం చూసేవారికే తెలుస్తాయి. వార్త అతడిని బాధితుడుగా, సాక్షిగా చూపింది గాని పరిశీలకుడుగా తక్కువగా చూపింది. వేట కార్యక్రమాలు కూడా ఈ జ్ఞానాన్ని చేపను పట్టడానికే వినియోగించాయి. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో నదీజలం వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే దాదాపు 23 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే మధ్యాహ్నం 2 గంటల నుంచి అర్ధరాత్రి వరకు గాలపు వేటను ఆపే నిబంధన ఉంది. వేడినీటిలో పెనుగులాడిన చేప, వదిలినా బ్రతకకపోవచ్చునన్న శాస్త్రసత్యం దీనికి ఆధారం. ఇటువంటి విషయాన్ని ప్రేక్షకుడికి చేర్చడానికి వేట కార్యక్రమాల కన్న తగిన వేదిక లేదు. వర్షం లేని ఏటిలో గాలాన్ని ప్రక్కన పెట్టడం కూడా వేటగాడి విద్యలో భాగమేనని అవి చెప్పగలవు.

9. వరద తరువాత అదే దృశ్యం

కరువు అన్న ఒక్క మాటతో మెనిండీని ముగించలేమని 2023 మార్చి నెల నిరూపించింది. 2022లో పరీవాహకమంతటా భారీ వరదలు వచ్చాయి. సరస్సులు నిండాయి, చేపలు విస్తారంగా వృద్ధి చెందాయి. వరద తీసిన తరువాత, 2023 మార్చి 17 ప్రాంతంలో, అదే పట్టణం దగ్గర 2 నుంచి 3 కోట్ల చేపలు మరణించినట్లు అంచనా. వీటిలో అధికభాగం బోనీ హెర్రింగ్. తక్షణ కారణం మళ్లీ ఆక్సిజన్ లోపమే. రాష్ట్ర ప్రధాన శాస్త్రవేత్త కార్యాలయం జరిపిన సమీక్ష ఈ మరణాలను దీర్ఘకాలంగా క్షీణిస్తున్న నదీవ్యవస్థకు లక్షణంగా గుర్తించింది.

2019లో చేపలు నీరు లేక చనిపోయాయని చెప్పిన కథనచట్రం 2023ను వివరించలేదు. నీరుంది, అయినా చేపలు లేవు. రెండు ఘటనలనూ ఒకే సూత్రంతో వివరించేది ప్రవాహం, అడ్డుకట్టలు, ఆక్సిజన్ అన్న మూడింటి సంబంధమే. ఆ సంబంధాన్ని 2019లోనే తెర వివరించి ఉంటే 2023 వార్త ప్రేక్షకుడికి చిక్కుముడిగా కాక, ఊహించదగిన పరిణామంగా అర్థమయ్యేది.

10. తెలుగు ప్రాంతాలకు అన్వయం

తెలుగు నాట మంచినీటి చేపకు తెరమీద ఉన్న స్థానం వేరు. ఇక్కడ గాలపు వేట ప్రధాన వినోదప్రక్రియగా ఎదగలేదు. చెరువులోని చేప మత్స్యకార సహకార సంఘాల జీవనాధారం. చెరువు అడుగంటితే అది ఒక్కసారిగా చేపలు పట్టే సందర్భం కూడా. మృగశిర కార్తె నాడు చేపల మార్కెట్ల రద్దీని, హైదరాబాదులోని నాంపల్లి ప్రదర్శన మైదానంలో చేప ప్రసాదం పంపిణీని వార్తా ఛానళ్లు విస్తృతంగా చూపుతాయి. అక్కడ చేప ఆహారం, ఔషధం, ఆచారం. అది ఎక్కడి నీటిలో పెరిగిందన్న ప్రశ్న ఆ కథనంలో అరుదు.

వేసవిలో చెరువుల్లో చేపలు మృత్యువాత పడ్డాయన్న వార్త తెలుగు ప్రేక్షకుడికి కొత్తది కాదు. ఎండ తీవ్రత, వ్యర్థజలాల కలయిక, విషప్రయోగం అన్న మూడు అనుమానాలు వెంటనే వినిపిస్తాయి. నీటిలో ఆక్సిజన్ ఎంత ఉంది, ముందురోజు వాతావరణం ఎలా మారింది, చెరువులోకి వచ్చే వాగు ఏమైంది అన్నవి అడిగితే వార్త స్వరూపమే మారుతుంది. ఇక్కడ కొర్రమీను ఒక సహజ సాక్షి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను నీటి పైకి వచ్చి నేరుగా గాలిని పీల్చుకోగలదు. కట్ల, రోహు చేపలకు ఆ శక్తి లేదు. ఒక చెరువులో కట్ల, రోహు చచ్చి తేలి, కొర్రమీనులు బ్రతికి ఉంటే ఆక్సిజన్ లోపాన్ని ముందుగా అనుమానించవచ్చు. అన్నీ కలిసి చనిపోతే విషపదార్థాలను ముందుగా పరీక్షించాలి. ఇది తుది నిర్ధారణ కాదు, పరీక్షకు దారిచూపే గుర్తు మాత్రమే. చెరువు గట్టున నిలబడిన విలేకరి మత్స్యకారుని అడిగి తెలుసుకోగల సంగతి.

ఎగువ వినియోగం, దిగువ కొరత అన్నవి కృష్ణా పరీవాహక ప్రజలకు నిత్యానుభవం. జలాశయాల నీటిమట్టం అంకెలు ప్రతి వేసవిలో తెరమీద కనిపిస్తాయి. ఆ అంకెలు పంటలకు, తాగునీటికి, విద్యుత్తుకు సంబంధించి చర్చకు వస్తాయి. నదిలోని ప్రాణులకు సంబంధించి చర్చకు రావడం తక్కువ. మెనిండీలో 480, 640 అన్న అంకెలకు చేప ప్రాణంతో ఉన్న సంబంధం మరణాల తరువాతనే జనానికి తెలిసింది. తెలుగు మాధ్యమ పరిశోధకులు కరువు కథనాల్లో నీటిమట్టాల అంకెలు ఎవరి తరఫున మాట్లాడుతున్నాయో పరిశీలించడం ఫలవంతమైన అధ్యయనం కాగలదు.

11. ముగింపు

మెనిండీ ఉదాహరణ నుంచి మూడు అంశాలు తేటపడుతున్నాయి. ఒకటి, వార్తాదృశ్యం శూన్యంలో పుట్టదు. వినోద కార్యక్రమాలు స్థిరపరచిన దృశ్యభాషను అది వాడుకుంటుంది, కొన్నిసార్లు తలక్రిందులు చేస్తుంది. రెండు, దృశ్యం ఎంత బలమైనదైనా అది ఫలితాన్ని చూపినంతగా కారణాన్ని చూపదు. కారణాన్ని చూపడానికి నీరు పోయే దారిని అనుసరించే ఓపిక కావాలి. 'పంప్డ్' ఆ ఓపికకు నిదర్శనం. మూడు, నదిని నిత్యం చూసేవారి జ్ఞానం, వారు గాలం వేసేవారైనా, బార్కింజీలైనా, తెలుగు నాట వలవేసే మత్స్యకారులైనా, వార్తకు భావోద్వేగాన్ని అందించే సాక్ష్యంగా మాత్రమే కాక విషయాధారంగా కూడా ఉపయోగపడాలి.

చచ్చిన చేపను ఎత్తి చూపిన ఇద్దరు మనుషులు లేకపోతే మెనిండీ పేరు ప్రపంచానికి తెలిసేది కాదు. వారి దృశ్యానికి ఆ గౌరవం దక్కాలి. అయితే చేప పైకి తేలేనాటికి కథ ముగింపుకు వచ్చి ఉంటుంది. ప్రవాహం ఆగిన రోజున, మడుగు రంగు మారిన రోజున కెమెరా అక్కడికి చేరగలిగితే కరువు కథనం సంతాపం నుంచి హెచ్చరికగా మారుతుంది.